బోర్లా పడుకోవాలి

"ఇల్లు ఖాళీ చేస్తున్నామా ఏంటే?" వంటింట్లో స్టూలెక్కి పై అరలోని డబ్బాలన్నీ కిందికి దించుతుంటే అత్తయ్య అడిగింది.

"సర్దుతున్నానత్తయ్యా!"

నిజం చెబితే ఊరెళ్లిన ఆయనకి క్షణంలో ఫోను వెళ్తుంది. పోయినసారి ఆస్పత్రికి ఫోన్ చేసి, "మా ఆవిడ మనసు మార్చుకుంది" అని ఆపరేషన్ ఆపించేశాడు. నా మనసు మారిన సంగతి అందరికన్నా చివర తెలిసింది నాకే.

నా రొమ్ముల్లోని సిలికాన్ ఇంప్లాంట్లు ఆయన పెళ్లిరోజు కానుక. "ఇప్పుడు కదా ఆడదానిలా ఉన్నావు" అని మురిసిపోయాడు. ఎడమవైపుది రాయిలా బిగుసుకుపోయింది. బోర్లా పడుకుని ఏళ్లయింది. పై అరకి చెయ్యెత్తితే ప్రాణం పోయేది. అయినా డబ్బాలు అక్కడే ఉండాలి, వంటిల్లు అందంగా కనబడాలి కదా.

డాక్టరమ్మ ఏదీ దాచలేదు. "మత్తిచ్చి తీసేస్తాం. చుట్టూ గట్టిపడిన పొరని కూడా. నీరు పోవడానికి కొన్నాళ్లు గొట్టాలుంటాయి. బిగుతైన బ్రా వేసుకోవాలి. కొన్ని వారాలు చేతులు పైకెత్తకూడదు, బరువులు మోయకూడదు. చర్మం వదులుగా కనిపించొచ్చు. పర్వాలేదా?"

"ఎప్పుడు రమ్మంటారు?" అన్నాను.

ఆపరేషన్ రోజు అక్క కారు వీధి చివర ఆపింది. చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తాను. పరీక్ష ఎగ్గొట్టి సినిమాకి పోతున్న పిల్లలా కారెక్కి తలుపేసుకున్నాను.

ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తుంటే నర్సు ఫోను పట్టుకుని వచ్చింది. "మీవారు. ఆపమంటున్నారు." అత్తయ్యకి డబ్బాలు చూసే అనుమానం వచ్చినట్టుంది!

"పేషెంటు ఆయన కాదని చెప్పండి సిస్టర్."

నర్సు పెదవి బిగించి నవ్వు ఆపుకుంది. మంచం ముందుకు కదిలింది.

మెలకువ వచ్చేసరికి ఛాతీ నిండా కట్టు, పక్కన గొట్టాలు. నొప్పి ఉంది. ఆ బరువు మాత్రం లేదు! నవ్వొచ్చేసింది.

"నవ్వకే, కుట్లూడతాయి!" అని అక్క కళ్లు తుడుచుకుంది.

ఇంటికొచ్చాక ఆయన అడిగిన మొదటి మాట, "మళ్లీ ఎప్పుడు పెట్టించుకుంటావు?"

కుట్లు మానాయి. డాక్టరమ్మ ఇక అన్ని పనులూ చేసుకోవచ్చంది. ఆ సాయంత్రమే ఆయన డబ్బాలన్నీ పైకెక్కించాడు. "ఇప్పుడు నీ చేతులు లేస్తున్నాయిగా!"

లేస్తున్నాయి. ఒక్కో డబ్బా మళ్లీ దించాను. గదిలోకి వెళ్లి, మంచం మధ్యలో బోర్లా వాలిపోయాను. అబ్బ! పరుపు ఎంత మెత్తగా ఉందో!

"టీ ఏదీ?" హాల్లోంచి కేక.

"టీపొడి డబ్బా మీ చేతికందేంత కిందే ఉంది" అన్నాను, దిండులోంచి తల ఎత్తకుండా.