బిందెల వరుస

విక్రమ్ తన్నింది సాబిరా బిందెని. నేను నా కళ్ళతో చూశాను కాబట్టి చెబుతున్నాను. ఎవరో చెప్పగా విన్న ముక్క కాదు.

పొద్దున్నే నా ఇడ్లీ బండి దగ్గర పాత్ర దించుతున్నాను. కుళాయి ముందు బిందెలు ఎప్పటిలాగే వరుసలో ఉన్నాయి. ఎవరో హీరోగారి స్నేహితుడి కోసం పెద్ద ఏసీ బండి వచ్చింది, అది కుళాయి పక్కనే ఆగాలట. కాంట్రాక్టరు ప్రకాశరావు మనిషి విక్రమ్ దిగి ఒక్కో బిందెనీ కాలితో పక్కకి నెట్టుకుంటూ వచ్చాడు. సాబిరాది బరువైన ఇత్తడి బిందె, నెడితే కదల్లేదు. లాగి తన్నాడు. అది దొర్లుకుంటూ వెళ్ళి కాలవ గట్టుకి కొట్టుకుని సొట్టపడింది.

"ఒరేయ్, అది మనిషి వంతురా!" అని అరిచాను.

"బిందెకి వంతేంటి ఆంటీ, ఇదేమన్నా బ్యాంకా?" అని నవ్వాడు.

మా పక్క గదిలో ఉండే లైట్‌మన్ మార్కు పళ్ళు తోముకుంటూ వచ్చి ఆ బిందె ఎత్తాడు. లుంగీతో తుడిచి, తీసుకెళ్ళి మళ్ళీ దాని చోటులోనే, బండి చక్రం ముందు పెట్టాడు. అప్పటికే వాకిళ్ళలోకి వచ్చి నిలబడ్డ ఆడవాళ్ళని చూసి విక్రమ్ బండిని వెనక్కి తీయమని చెయ్యి ఊపాడు.

బందరులో మా రేవుపేట తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఇక్కడ ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. తాగే నీళ్ళు మునిసిపాలిటీ కుళాయిలో వస్తాయి, అవీ వాటి ఇష్టం వచ్చినప్పుడు. అందుకని బిందె వరుసలో పెట్టి ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోతాం. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. మనిషి రొయ్యల షెడ్డులో ఉన్నా, ఆస్పత్రి మంచం మీద ఉన్నా, ఆమె వంతు ఆమెదే. వెనకున్నవాళ్ళు ఆ బిందె నింపి పక్కన పెట్టాకే తమది పెట్టుకుంటారు. జుట్టూ జుట్టూ పట్టుకున్న తోటికోడళ్ళు కూడా ఒకరి బిందెని ఒకరు వెనక్కి జరపరు.

మాది సినిమావాళ్ళ పేట అయిపోయి కొన్నేళ్ళయింది. రేవు కోసం, లైట్‌హౌసు కోసం, నాగాయలంక మడ అడవుల కోసం షూటింగులు వస్తుంటాయి. లైట్లు మోసేవాళ్ళూ, సెట్టు వడ్రంగులూ, జూనియర్ ఆర్టిస్టులూ హోటళ్ళలో దిగలేరు. మా గదుల్లో దిగారు, మాతోపాటు ఉప్పునీళ్ళతో స్నానం చేశారు, మావాళ్ళయిపోయారు. మేమూ గుంపు సీన్లలో నిలబడి వాళ్ళవాళ్ళమయ్యాం.

ప్రకాశరావు వేరు. షూటింగులకి ఇళ్ళూ మనుషులూ కుదిర్చే కాంట్రాక్టరతను. రెండిళ్ళు కొని, గోడలకి రంగేసి, గుమ్మానికి లాంతరు వేలాడగట్టి, 'ఊరిమనిషిలా వారం రోజులు' అని బోర్డు పెట్టాడు. కథలు రాసుకునేవాళ్ళూ, హీరోల స్నేహితులూ హైదరాబాదు నుంచి కార్లలో వచ్చి దిగేవాళ్ళు. లుంగీలు కట్టుకుని, మా చేపల పులుసు తిని, మా బిందెలు నడుం మీద పెట్టుకుని ఫొటోలు దిగేవాళ్ళు. మా మురుగుకాలవ మాత్రం ఆ ఫొటోల్లో పడేది కాదు. ఊరిమనిషిలా బతకడం వాళ్ళకి సెలవు, మాకేమో రోజువారీ చాకిరీ.

తర్వాత అతని కన్ను పేట మొత్తం మీద పడింది. ఇళ్ళు అమ్మేయమన్నాడు, అమ్మం పొమ్మన్నాం. మా ఇళ్ళున్నది ప్రభుత్వ స్థలం. మేం ఇక్కడ కాపురం ఉన్నంతకాలం కదిలించడం కష్టం. మాకై మేం ఖాళీ చేసి వెళ్ళిపోయామంటే మాత్రం ప్రభుత్వం దాన్ని ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. ఈ సంగతి ప్రకాశరావుకి మాకంటే బాగా తెలుసు.

సరిగ్గా అప్పుడే అలేఖ్య దిగింది, సాబిరా ఇంటి ముందుగదిలో. అసిస్టెంట్ డైరెక్టర్నంది. ప్రకాశరావు పంపాడంది. "నేను అచ్చం మీలాగే ఉంటానండీ" అంది. మొదటిరోజే నీలం బకెట్టు తెచ్చి వరుసకి ముందు పెట్టింది. సాబిరా నవ్వి, బకెట్టు తీసి చివర పెట్టి, చెయ్యి పట్టుకుని పద్ధతి చెప్పింది. నాకు నవ్వు రాలేదు. ఏ ఇల్లు తాళం వేసి ఉంది, ఎవరు ఊరెళ్ళారు, ఎవరెన్నేళ్ళుగా ఉంటున్నారు అని ఆ పిల్ల అందర్నీ అడుగుతుండేది. నాకు అనుమానం జాస్తి. అందరూ అంటారు, నేనూ కాదనను.

ఒకరోజు మార్కు పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, ప్రకాశరావుగారి షూటింగంట, మన పేటలోనే! పేట మొత్తానికీ వేషాలు. ఉప్పెన సీను." ఉప్పెన వస్తోందని జనం మూటలతో ఇళ్ళు వదిలి ట్రాక్టరెక్కుతారట. ఇంటి ముందే పని, పైగా భోజనం. అందరం వెళ్ళాం. నేనూ వెళ్ళాను.

మూటలు కట్టాం. తలుపులకి మా తాళాలే వేశాం. వీధి చివర తెల్లచొక్కాలో ప్రకాశరావు నిలబడ్డాడు. ఒక్కొక్కళ్ళూ వచ్చి తాళంచెవి అతని చేతిలో పెట్టి, నమస్కారం పెట్టి ట్రాక్టరెక్కాలి.

"నవ్వుతూ రావాలమ్మా, నవ్వుతూ!" అని మైకులో విక్రమ్.

అంకమ్మ మామ్మది దివిసీమ. ఉప్పెనలో తల్లినీ చెల్లినీ పోగొట్టుకుని, చిన్నప్పుడే నాన్న చెయ్యి పట్టుకుని బందరు వచ్చిన మనిషి. మూట ఎత్తుకుని రెండడుగులు వేసిందో లేదో భోరుమంది. నిజంగా ఏడ్చింది. ఏ డైరెక్టరైనా అయితే ఆ ఏడుపుకి ఎగిరి గంతేసేవాడు. విక్రమ్ మాత్రం "ముసలమ్మని పక్కకి తీసేయండి, ఫ్రేము పాడవుతోంది" అన్నాడు. మామ్మని నా బండి దగ్గర కూర్చోబెట్టి మిగతా జనాన్ని నడిపించారు. ఒక్కసారి నడిచాం. ఓకే అన్నారు. సాయంత్రం తాళంచెవులన్నీ ఒకే సంచిలో పోసి పంపారు. ఎవరిది ఏదో వెతుక్కునేసరికి చీకటి పడింది.

మర్నాడు కుళాయి దగ్గర సాబిరా మెల్లగా మొదలెట్టింది. "లతక్కా, మొన్న ఆ సినిమాలో ఒక్క బిందె ఎత్తడానికి నాతో ఎన్నిసార్లు చేయించారు? నడుం పడిపోయింది. నిన్న పేట పేటంతా నడిస్తే ఒక్కసారికే ఓకేనా?"

"గాలి ఫ్యాను లేదు, వాన లేదు. ఉప్పెన ఏంటి?" అంది ఇంకొకావిడ.

"ఉప్పెనలో నవ్వుతారా ఎవరన్నా?" అంది అంకమ్మ మామ్మ. అనుమానం మనిషినని చెప్పుకునేదాన్ని, మూట కట్టేటప్పుడు అది ఎక్కడికి పోయిందో నాకే తెలియలేదు.

మధ్యాహ్నం అంకమ్మ వాకిట్లో కూర్చున్నాం. మీటింగంటే మీటింగూ కాదు, గొడవంటే గొడవా కాదు. ముందు మార్కు మీద పడ్డారు. "కబురు తెచ్చింది నువ్వే కదరా! ఎంత ముట్టింది?" మార్కు తల వంచుకున్నాడు. "నేనూ మూట మోశానండీ. నా గది తాళం కూడా ఇచ్చాను" అన్నాడు. తర్వాత ఒకడు లేచి, సాయిబుల ఇంట్లో దిగిన పిల్ల వల్లే ఇదంతా అన్నాడు. ఇంకొకడు, మీ హిందువుల ప్రకాశరావు కదా అన్నాడు. ఆ మాటలు పెరిగితే ఆ పూటే పేట రెండయ్యేది. ప్రకాశరావుకి ఇంకో పైసా ఖర్చు లేకుండా పని జరిగేది.

అప్పుడే అలేఖ్య వచ్చింది, మొహం పాలిపోయి. "అది సినిమా కాదండీ. ప్రకాశరావుగారి కంప్యూటర్లో ఆ వీడియో చూశాను. 'రేవుపేట ప్రజలు ఇష్టపూర్వకంగా ఇళ్ళు అప్పగించారు' అని పేరు వేసి ఆఫీసర్లకి చూపించారు. రేపు ఇళ్ళు కూల్చే మిషను వస్తుంది. నాకు ముందు తెలియదు, ఒట్టు."

"ఇది కూడా సీనేనా?" అన్నాను నేను.

ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను నమ్మలేదు. ఈరోజుకీ పూర్తిగా నమ్మానని చెప్పను.

సాబిరా లేచింది. "అక్కా, ఆమె మంచిదో చెడ్డదో తర్వాత తేల్చుకుందాం. మార్కు సంగతీ అంతే. ఇక్కడ ఎవరి కడుపులో ఏముందో చీల్చి చూడలేం. ఉండాలనుకునేవాళ్ళు బిందె తెచ్చి వరుసలో పెట్టండి. కుళాయి ముందు కాదు, వీధి మొదట్లో, రోడ్డుకి అడ్డంగా. పెట్టనివాళ్ళు ఎవరో అప్పుడే తెలుస్తుంది."

ముందు అంకమ్మ లేచింది. తర్వాత మార్కు, "మా లైట్‌మెన్ అందరికీ చెబుతా. రేపు ఈయన షూటింగుల్లో ఒక్క జనరేటరు స్టార్టవ్వదు" అన్నాడు. సాయిబుల ఇల్లు అన్నవాడూ, హిందువుల ప్రకాశరావు అన్నవాడూ ఇంట్లో బిందెలు మోసుకొచ్చి పక్కపక్కన పెట్టారు. చివర్లో నీలం బకెట్టు ఒకటి వచ్చింది.

తెల్లారాక మిషను వచ్చింది. వెనక పోలీసు జీపు, ఆఫీసరు కారు, దూరంగా ప్రకాశరావు. వీధికి అడ్డంగా బిందెలు, ఇత్తడివి, స్టీలువి, ప్లాస్టిక్‌వి. వాటి వెనక మేము.

"మీ అంతట మీరే ఖాళీ చేశారు కదమ్మా! తాళాలిస్తూ నవ్వుతున్నారు, వీడియో ఉంది" అన్నాడు ఆఫీసరు.

సాబిరా ముందుకొచ్చింది. "సార్, పోయినేడు ఒక సినిమాలో నేను చచ్చిపోయాను. అదీ వీడియో ఉంది. నా పేరు రేషన్ కార్డులోంచి తీసేస్తారా?"

జనం గొల్లున నవ్వారు. కానిస్టేబుళ్ళలో కూడా ఒకరిద్దరు మొహం పక్కకి తిప్పుకున్నారు. ఎస్సైకి అది నచ్చలేదు. "తొక్కించవయ్యా!" అని మిషను డ్రైవరు మీద అరిచాడు.

ఆ డ్రైవరు గుడ్లవల్లేరు వైపు మనిషి, పెద్ద వయసువాడు. మిషను బిందెల దాకా తెచ్చి ఆపాడు. కిందికి దిగి బిందెల వరుస ఈ చివర్నుంచి ఆ చివరి దాకా చూశాడు.

"ఇవి బిందెలు కాదండీ, ఆడవాళ్ళ వంతులు. మా ఆవిడది కూడా ఇట్టాంటి వరుసలోనే ఉంటుంది. నావల్ల కాదండీ" అని, తాళం సీటు మీద పడేసి రోడ్డు పట్టుకుని నడిచి వెళ్ళిపోయాడు.

అప్పుడు లాఠీలు లేచాయి. బిందెల్ని చెదరగొట్టారు, మేం మళ్ళీ తెచ్చి పెట్టాం. మళ్ళీ చెదరగొట్టారు, మళ్ళీ పెట్టాం. నా మోచేతి మీద పడ్డ దెబ్బ ఇప్పటికీ చలికి లాగుతుంది. ఆఖరికి సాబిరానీ మార్కునీ జీపులోకి ఈడ్చారు. ప్రభుత్వోద్యోగి పనికి అడ్డుపడ్డారని కేసు. నడిపేవాడు లేక మిషను మాత్రం వీధి మొదట్లోనే నిలిచిపోయింది. జీపులోంచి సాబిరా అరిచింది ఒకటే మాట: "నా బిందె!"

ఆ మధ్యాహ్నం కుళాయి వచ్చింది. వీధిలోంచి తెచ్చి పెట్టిన సాబిరా సొట్ట బిందె తన వంతులో ఉంది. దాని వెనక బిందె అంకమ్మది. మామ్మ ముందు సాబిరా బిందె నింపింది, అంచు దాకా. అది చూస్తుంటే నాకు దుఃఖం ఆగలేదు, ఆ దుఃఖంలోనే కోపం కూడా వచ్చింది.

"ఇది ఇక్కడెందుకు? మనిషెక్కడుంటే బిందె అక్కడికి పోవాలి" అంది మామ్మ.

ఎత్తాం. రేవుపేట నుంచి పోలీస్ స్టేషనుకి నడిచాం. దారిలో చేపల మార్కెట్ ఆడవాళ్ళు, ఎందుకని కూడా అడక్కుండా, బిందెలు పట్టుకుని వెనక చేరారు. షూటింగులు ఆపేసిన లైట్‌మెన్ గుడివాడ రోడ్డు నుంచి వచ్చారు, వాళ్ళకి బిందెలెక్కడివి, క్యాన్లు మోసుకొచ్చారు. కాలేజీ పిల్లలు మంచినీళ్ళ సీసాలతో వచ్చారు. స్టేషను గేటు ముందు మొదట సాబిరా సొట్ట బిందె, దాని వెనక అంకమ్మది, ఆ వెనక వరుస రోడ్డు మలుపు తిరిగి కనబడకుండా పోయింది. లోపలికి వెళ్ళాల్సిన ఎస్సై జీపు బయటే ఆగింది.

రోడ్డు అవతల టీ కొట్టు చాటున విక్రమ్ నిలబడి ఫోనుతో తీస్తున్నాడు. ఎవరెవరొచ్చారో ప్రకాశరావుకి చూపించడానికి. కుర్రాళ్ళు వాడి మీదకి వెళ్ళబోయారు. అంకమ్మ మామ్మ వాళ్ళని చేత్తో ఆపి, తానే రోడ్డు దాటి వాడి ఎదురుగా వెళ్ళి నిలబడింది. కొంగు సర్దుకుంది.

"తియ్యి నాయనా, బాగా తియ్యి" అంది. "ఇప్పుడు ఏడవట్లేదుగా."