మాట వచ్చేంత నడక

మరిపెడ బజారులో రామచంద్రం సేటు నడుస్తుండగా చూసినవాళ్లు తక్కువ. పొద్దున్నే కిరాణా దుకాణంలో గల్లా పెట్టె ముందు పరుపు మీద బాసింపట్టు వేసుకొని కూర్చుంటే, మళ్లీ లేచేది వెనక ఇంట్లో భోజనానికే. సరుకు ఆయన దగ్గరికి వస్తుంది, జనం ఆయన దగ్గరికి వస్తారు, చాయ్ కూడా ఆయన దగ్గరికే వస్తుంది. ఇక నడవడమెందుకు? ఆయన లెక్కలో నడక అనేది పనిలేనివాళ్లూ కుక్కను పెంచుకున్నవాళ్లూ చేసే పని.

అలాంటి మనిషికి పోయిన చలికాలంలో గుండెపోటు వచ్చింది. కొడుకు క్రాంతి ఆదరాబాదరాగా వరంగల్ తీసుకుపోతే, అక్కడ పూడుకుపోయిన రక్తనాళంలో స్టెంటు వేసి బతికించారు. బతికొచ్చిన మనిషి సంతోషంగా తిరగాలి కదా. ఈయన మాత్రం ఇంటికి రాగానే మంచమెక్కాడు. అడుగేస్తే గుండె మళ్లీ పట్టుకుంటుందని భయం. తుమ్మొస్తే ఛాతీ పట్టుకునేవాడు. స్నానం చేస్తూ చేస్తూ ఆగి, లోపల కొట్టుకుంటోందా లేదా అని చెవి ఒగ్గేవాడు. భార్య రుక్మిణమ్మ ఆయన్ను కంటికి రెప్పలా చూసుకుంది. మంచినీళ్ల చెంబు కూడా ఎత్తనిచ్చేది కాదు. ఆ ప్రేమ వల్ల ఆయన కాళ్లు ఇంకా సన్నబడ్డాయి.

పరీక్షలకు మానుకోట పోయినప్పుడు డాక్టరు ఆయన వాలకం చూసి కోప్పడ్డాడు. ఇట్లా పడుకుంటే గుండె గట్టిపడదని చెప్పి, గుండె జబ్బులవాళ్లతో వ్యాయామం చేయించే గదికి పంపించాడు. అక్కడ ప్రియ అనే అమ్మాయి ఉంది. నర్సింహులపేట దగ్గరి తండాలో పుట్టి, ఫిజియోథెరపీ చదువుకొని వచ్చింది. రామచంద్రం వేలికి నాడి లెక్క చూపే క్లిప్పు తగిలించి, చిన్నపిల్లవాడికి నడక నేర్పినట్టు మెల్లగా అడుగులు వేయించింది. మందులు వేసుకుంటున్నాను కదా, ఇదంతా ఎందుకని ఆయన గునిశాడు.

"మందులు వాటి పని అవి చేస్తయి బాపు. నీ కాళ్ల పని మాత్రం నీ కాళ్లే చెయ్యాలె," అంది ప్రియ. "ఇంటికాడ గూడ రోజు నడువు. ఎంత జోరుగ నడవాలంటె, నడుస్తుంటె మాట రావాలె, పాట రావొద్దు. పాట గూడ వస్తుందంటె బద్ధకంగ నడుస్తున్నవన్నట్టు. మాట రాకుంటె గుండెకు ఎక్కువైందన్నట్టు. ఎంటనే ఆగాలె."

ఎవరితో మాట్లాడాలని ఆయన అడిగాడు. ప్రియ గుమ్మం బయట బెంచీ మీద మందుల సంచితో కూర్చున్న రుక్మిణమ్మ వైపు చూపించింది.

అట్లా మొదలైంది. తెల్లవారగానే ఇంటి నుంచి మార్కెట్ యార్డు దాకా పోయి రావడం. ముందు రామచంద్రం, ఆయన వెనక కొంచెం ఎడంగా రుక్మిణమ్మ. వాళ్లిళ్లలో ఆడవాళ్లు భర్త వెనక నడవడమే తప్ప పక్కన నడవడం లేదు. పెళ్లయిన నాటి నుంచి గుడికైనా, పెళ్లిపేరంటాలకైనా, బస్టాండుకైనా ఆయన వీపు చూస్తూనే నడిచింది ఆమె. ఆయన వెనక్కి తిరిగి చూసే అవసరమూ రాలేదు. చెప్పుల చప్పుడు వస్తుంటే ఆమె వస్తున్నట్టే.

ఇప్పుడు ఆ చెప్పుల చప్పుడే ఆయనకు ధైర్యం. అది వినబడుతున్నంతసేపూ అడుగు పడేది. మొదట్లో ఆమె ఒకటి రెండుసార్లు చెంగు సర్దుకోవడానికో దేనికో ఆగింది. చప్పుడు ఆగిన మరుక్షణం ఆయన రోడ్డు మధ్యలో కొయ్యబారి, ఛాతీ మీద చెయ్యి వేసుకొని, ఇంటికి పోదామన్నాడు. ఆ తర్వాత ఆమె ఎన్నడూ ఆగలేదు.

ప్రియ చెప్పింది కనుక మాట్లాడాలి. ఏం మాట్లాడాలో మొదట తోచలేదు. భార్యతో ఆయన మాటలు ఉప్పు తక్కువైందనో, కోడలు ఎప్పుడొస్తుందనో అడగడం వరకే. నడుస్తూ నడుస్తూ పప్పుల ధరలు చెప్పాడు. అవి అయిపోయాక చిన్నప్పుడు తూకమేస్తూ తరాజు తప్పుగా పట్టుకుంటే నాయిన కొట్టిన దెబ్బ సంగతి చెప్పాడు. మరో రోజు, ఆపరేషను గదిలో పడుకున్నప్పుడు తనకు ఎవరి ముఖం గుర్తొచ్చిందో చెప్పబోయి, సిగ్గుపడి మానేశాడు. ఆమె వెనక నుంచి "ఊ" అనేది. పోనుపోను ఆ "ఊ" కూడా తగ్గింది. బజారులో ఆడవాళ్లు గొంతెత్తి మాట్లాడరు కదా అని ఆయన సరిపెట్టుకున్నాడు. పైగా ఆమెకు పన్ను నొప్పి. దవడ లాగుతోందని రోజూ పొద్దున ఒక లవంగం బుగ్గన పెట్టుకొని బయలుదేరేది. నోట్లో లవంగం ఉన్న మనిషి ఏం మాట్లాడుతుంది? కొత్త సరుకు ఘాటుగా ఉందని రామచంద్రమే దుకాణంలోంచి గుప్పెడు లవంగాలు తెచ్చి ఇచ్చాడు. ఇచ్చి, భార్యను బాగా చూసుకున్నానని మురిసిపోయాడు కూడా.

ఎండలు ముదిరేసరికి ఆయన మనిషయ్యాడు. గోదాము మెట్లు ఎక్కాడు. ప్రియ శభాష్ అంది. దుకాణానికి వచ్చినవాళ్లను నిలబెట్టి మరీ గుండె గురించి ఉపన్యాసాలు ఇవ్వసాగాడు. గుండె నొప్పి ఛాతీలోనే రావాలని లేదు, భుజంలో రావచ్చు, దవడలో రావచ్చు, కడుపులో మంటగా రావచ్చు అని ప్రియ చెప్పినవన్నీ తన సొంత సరుకులాగా అందరికీ పంచాడు. ఊరంతటికీ చెప్పాడు గానీ ఇంట్లో చూసుకోలేదు మహానుభావుడు.

ఒకరోజు పొద్దున యార్డు దగ్గరపడుతుండగా, చాలా రోజులుగా మనసులో మెదులుతున్న మాట బయటపెట్టాడు. దుకాణం పూర్తిగా క్రాంతికి అప్పగిద్దామా అని. ఆయన తన జీవితంలో వ్యాపారం సంగతి భార్యను అడగడం అదే మొదలు.

"నువ్వేమంటవ్?" అన్నాడు.

జవాబు లేదు. చెప్పుల చప్పుడు మాత్రం వస్తోంది.

"నిన్నేనే, అడుగుతున్న. నువ్వేమంటవ్?"

మళ్లీ చెప్పుల చప్పుడే. అప్పుడు వెనక్కి తిరిగి చూశాడు. రుక్మిణమ్మ ముఖం పాలిపోయి ఉంది. ఎండ ఇంకా ఎక్కకుండానే నుదుటి మీద చెమట. ఒక చెయ్యి దవడకు ఆనించుకుంది. పెదవులు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. అయినా అడుగు వేస్తూనే ఉంది.

మాట రాకుంటె ఎక్కువైందన్నట్టు. ప్రియ మాట చెవిలో గింగురుమంది. రామచంద్రం గుండె గుభేలుమంది. ఇన్నాళ్లూ ఆ గుండె చిన్నగా ఉలిక్కిపడితేనే వణికిపోయిన మనిషికి, ఆ క్షణంలో తనకు గుండె ఉన్న సంగతే గుర్తు లేదు. రెండు అంగల్లో ఆమెను చేరి, భుజాల చుట్టూ చెయ్యి వేసి, యార్డు అరుగు మీద కూర్చోబెట్టాడు. పాలు తెచ్చేవాళ్లు చూస్తున్నారు. చూస్తే చూశారు.

కాసేపటికి ఆమెకు ఊపిరి అందింది. ఏం లేదు, పన్ను నొప్పేనంది. కూర్చుంటే తగ్గుతుందంది.

"ఇంట్ల కూసున్నప్పుడు నొస్తదా?"

"రాదు. నడిస్తెనే వస్తది."

నడిస్తేనే వచ్చే పన్ను నొప్పి. లవంగాలు తెచ్చిచ్చిన చేత్తోనే క్రాంతికి ఫోను చేశాడు. గంట తిరక్కుండా మానుకోట దవాఖానలో ఉన్నారు. అక్కడ పరీక్ష చేసి, ఆలస్యం చేయొద్దని వరంగల్ పంపారు. ఆమెకూ రక్తనాళం దాదాపు మూసుకుపోయి ఉంది. స్టెంటు వేశారు.

సంగతి తెలిసి ప్రియ ఫోను చేసింది. సమయానికి గుర్తుపట్టావు బాపు, ఇంకొన్నాళ్లు పోతే ఏమయ్యేదో అని మెచ్చుకుంది. తను కూడా ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టిందే గానీ ఏనాడూ అడగలేదని బాధపడింది. రామచంద్రానికి ఆ మెప్పు గొంతు దిగలేదు.

మర్నాడు సాయంత్రం వార్డులో ఆమె మంచం పక్కన స్టూలు వేసుకొని కూర్చున్నాడు. రుక్మిణమ్మ ముఖంలో రంగు తిరిగి వచ్చింది. ఆయనకు రాత్రి నుంచి ఒకటే మాట నోట్లో నలుగుతోంది.

"ఎన్నటి సంది గిట్లున్నది?"

"మీరు నడుసుడు మొదలువెట్టినంక కొన్ని దినాలకు."

"ఒక్కనాడన్న చెప్పకపోతివి."

ఆమె దుప్పటి అంచు సరిచేసుకుంది.

"చెప్తె మీరు ఆగుతుంటిరి. నేను జర ఆగితేనే మీ చెయ్యి ఛాతి మీదికి పోతుండె. ఒక్కసారి ఆగిన్రంటె మళ్ల మంచం దిగరని భయమైంది నాకు. నొప్పి కన్నా గదే ఎక్కువ భయమైంది."

రామచంద్రం తల వంచుకున్నాడు. తను వేసిన ప్రతి అడుగూ ఆమె నొప్పి మీద వేసిందేనని తెలిసి, ఆయనకు దుఃఖం పొంగుకొచ్చింది. పక్క మంచాలవాళ్లు చూస్తుండగానే ఆమె చెయ్యి తీసుకొని తన రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. పెళ్లినాడు పురోహితుడు పట్టుకోమంటే పట్టుకున్న చెయ్యి. మళ్లీ నలుగురిలో పట్టుకోవడం ఇదే.

"ఇగ నా ఎనక నడవకు," అన్నాడు. "పక్కపొంటి నడువు."

"బజార్ల నవ్వుతరు."

"నవ్వనీ. నీకు నొస్తె ఆగు. నువ్వు ఆగితె నేను గూడ ఆగుత. యాడ ఆగితె ఆడ ఇద్దరం కూసుందాం. నువ్వు లేసినప్పుడే నేను లేస్త. నేను మళ్ల మంచమెక్కను, నీ మీద ఒట్టు."

రుక్మిణమ్మ జవాబివ్వలేదు. మళ్లీ ఊపిరి అందడం లేదేమోనని ఆయన కంగారుపడి ఆమె ముఖం మీదికి వంగి చూశాడు. ఆమె ఏడుస్తోంది.