ఇరవై నాలుగు సీసాలు

శివనాథ్ నది పొంగి దుర్గ్ దారి మునిగిన ఏడు అది. ఖుర్సీపార్‌లోని ఇంటి కుళాయి దగ్గర భాగ్యరేఖ ఎప్పటిలాగే ఇరవై నాలుగు ప్లాస్టిక్ సీసాలు ముందేసుకుని కూర్చుంది. అవి ఇంటివి కావు. మొగుడు లక్ష్మీప్రసాద్ కరెంటు ప్లాంటు ల్యాబులో పనిచేస్తాడు. యంత్రాల్ని చల్లార్చే నీళ్లు నిలవుండే చెరువులోంచి వారానికోసారి ఆ సీసాల్లో నీళ్లు పట్టి పరీక్షిస్తాడు. ఆ నీళ్లలో ఫాస్ఫేటు పెరిగితే పాచికి ఎరువేసినట్టే. పాచి పెరిగితే గొట్టాలు మూసుకుపోతాయి. సీసాలు కడగడం కూడా అతని పనే. పెళ్లయిన ఏడాది సంచీలో ఇంటికి తెచ్చి, కాస్త తొలిపిపెట్టమన్నాడు. తొమ్మిదేళ్లయింది.

మొదట్లో ఒకసారి సబ్బుపొడితో తోమితే ఎంత కడిగినా వాసన వదల్లేదు. అప్పట్నించి ఆమె సబ్బు తగలనివ్వలేదు. వేడినీళ్లతో ఏడుసార్లు తొలిపి, చివర అతను క్యానులో తెచ్చిన ల్యాబు నీళ్లు పోసి, ఒక్కో సీసా వాసన చూసి మూత పెట్టేది. ఈసారి తనిఖీకి పెద్దసారు వస్తున్నాడని, వరదనీళ్ల మట్టిచారలు కనబడకూడదని, అతను సబ్బుపొడి పొట్లం తెచ్చి ముందు పడేశాడు.

"పొడి అంటుకుండిపోద్దండి," అంది.

"నీకేటి తెల్సు? ల్యాబు నాదా, నీదా? తోము."

తోమింది.

ఆ వారం ఫాస్ఫేటు నాలుగింతలు చూపించింది. చెరువులో పాచిమందు పొయ్యడానికి డ్రమ్ములు దించారు. ఈలోగా కొత్త సీసాలతో పట్టి చూస్తే చెరువులో ఏమీ పెరగలేదు, ఆ ఫాస్ఫేటు పాత సీసాలకంటిన సబ్బుపొడిలోది. ఎవరు కడిగారని పెద్దసారు అడిగితే లక్ష్మీప్రసాద్ అందరి ముందూ పెళ్లాం పేరు చెప్పాడట, చదువు లేనిది, సబ్బేసి తోమేసింది అన్నాడట. ఆ ల్యాబు ఊడ్చే పక్కింటి పద్మశ్రీ సాయంత్రం వచ్చి చెప్పింది. "నీ పేరు ఆఫీసుకెక్కింది దీదీ," అని నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయింది.

భాగ్యరేఖ బియ్యం ఏరుతూ ఉండిపోయింది. మొగుడి పని అందుకుంటే చేతులు అరిగిపోవని అత్త నూకమ్మ అనేది. అరగలేదు, చలికాలం పగిలేవి. తొమ్మిదేళ్లు పరీక్ష సరిగ్గా వచ్చినప్పుడు కడిగినవాళ్లు లేరు. తప్పొచ్చిన వారం మాత్రం మనిషి పుట్టుకొచ్చింది.

అతను వచ్చి సంచీ దించాడు. ఆమె విప్పకుండా గుమ్మం పక్కకి జరిపింది.

"ఇంక నాను కడగను. పొడి ఎవులిచ్చారో కూడా మీ సారుకి చెప్పండి."

లోపల్నించి నూకమ్మ దగ్గింది. భాగ్యరేఖ అన్నం వడ్డించి, తనకీ కంచం పెట్టుకుని అతని ఎదురుగా కూర్చుంది.

తెల్లారి అతనే సంచీ కుళాయి దగ్గరికి మోసుకెళ్లి గొంతుక్కూర్చున్నాడు. ఒక సీసా తొలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఏమీ తేలక ఆమె వైపు చాపాడు. ఆమె చాయ్ గ్లాసు పక్కన పెట్టి వాసన చూసింది.

"ఇంకో నాలుగుసార్లు," అంది.

అతను మళ్లీ కుళాయి తిప్పాడు.