బొప్పాయి పాల పగ

ప్రభావతి కడుపులో పొగ లేకుండానే పగ మండుతోంది. నాంపల్లిలో క్యాన్సర్ మీద పరిశోధించే చిన్న ల్యాబ్ ఆమెది. మన కణాల్లో లైసోజోమ్ అనే పులుపు సంచులుంటాయి. చెత్తను అరిగించే ఎంజైములు వాటిలో బందీలు. క్యాన్సర్ కణాలు ఆ ఎంజైముల్ని బయటికి ఉమ్ముతాయి, అవి చుట్టూ ఉన్న గోడల్ని కరిగించి జబ్బు పాకడానికి దారి వేస్తాయి, ఆ ఉమ్మును ఆపే మందు వెతుకుతానని ఆమె ప్రాజెక్టు రాసింది.

ప్రాజెక్టులకు డబ్బు మంజూరు చేసే కమిటీలో సభ్యుడు శశికిరణ్ దాన్ని నవ్వుతూ పక్కన పడేశాడు.

"చూడమ్మా ప్రభావతీ, ఎంజైము సంచిలో పనిచేసేది అక్కడ పులుపుంది కాబట్టి. బయట పులుపేదీ? బయటికొస్తే అది ఒడ్డున పడ్డ చేపేనమ్మా. ఇదంతా వంటింటి సైన్సు!"

గదంతా నవ్వింది. ఆ నవ్వు ప్రభావతికి ఇంకా అరగలేదు.

ఆమెకు తిరస్కారమిచ్చిన ఆ పెద్దమనిషికే ఇప్పుడు పురస్కారమొచ్చింది. గన్‌ఫౌండ్రీలో హాలు తీసుకుని విందు పెట్టాడు. మటన్ ముక్కల్ని సీకులకు గుచ్చి కాల్చే బోటీ కబాబంటే ఆయనకు ప్రాణం. వంట ఒప్పుకున్నది అబిడ్స్‌లో క్యాటరింగ్ నడిపే బాలకిషన్, ప్రభావతికి సొంత తమ్ముడు.

విందు రోజు పొద్దున్నే ఆమె తమ్ముడి వంటశాలలో దిగింది.

"తమ్మీ, మటన్‌కు మసాలా నేను పట్టిస్తా."

"నీకెందుకక్కా? ల్యాబ్‌ల ఎలుకలు అయిపోయినయా?"

"ఇయ్యాల పెద్ద ఎలుక దొరికిందిరా."

బాలకిషన్‌కు అర్థం కాలేదు. "సరే గని, పచ్చి బొప్పాయి ముద్ద జర్రంతనే ఎయ్యి. గది గూడ సాయంత్రం, సీకులకు గుచ్చే ముంగట. ఎక్కువైతే మాంసం కరిగి ఆగమైతది," అని చెప్పి, జీడిపప్పు కోసం బేగం బజార్‌కు స్కూటర్ తీశాడు.

ప్రభావతి పాలు కారుతున్న బొప్పాయి కాయను మొత్తం నూరింది. పెరుగు వేయలేదు, నిమ్మకాయ పిండలేదు. పొద్దున్నే ముక్కలకు ముద్ద పట్టించి, తన కసి కూడా కలిపి, మూత పెట్టింది.

సాయంత్రం హాలు బయట బొగ్గులు ఎర్రబడ్డాయి. మొదటి సీకు ఎత్తగానే ముక్కలు జారి నిప్పుల్లో పడ్డాయి. రెండోదీ అంతే. పళ్లెంలోకి చేరినవి కబాబులు కావు, జావ.

"ఏమయ్యా బాలకిషన్!" శశికిరణ్ అతిథులందరి ముందూ విరుచుకుపడ్డాడు. "పళ్లున్నవాళ్లకు పెట్టమంటే పళ్లూడినవాళ్లకు వండావేంటయ్యా? నిన్నింకెవరు పిలుస్తారు?"

వంటవాళ్ల మధ్య నుంచి ప్రభావతి ముందుకొచ్చింది.

"మా తమ్మున్ని ఏమనకున్రి సార్. చేసింది నేను. సంచిల బందీలన్న మన ఎంజైములున్నయి జూడున్రి, బొప్పాయి పాలల్ల ఉండేది వాటి చుట్టమే. కాయల నుంచి బయటవడ్డది. పులుపు సుక్క లేదు. గోడలన్నీ కరిగిచ్చింది. కబాబు అడిగిన్రు, జవాబు దెచ్చిన!"

శశికిరణ్ ముఖం నిప్పుల కంటే ఎర్రబడింది. "బొప్పాయి వేరు, మనిషి వేరమ్మా!"

"ఔ సార్. క్యాన్సర్ గడ్డయితే తన సుట్టూ పులుపు తనే జేసుకుంటది, గండ్ల ఎంజైము ఇంకా జోరుగ పనిజేస్తది. నిజమా కాదా చూస్తనంటేనే గద మీరు నవ్విన్రు."

కమిటీ పెద్ద విద్యాసాగర్ పళ్లెంలోని జావను చెంచాతో కదిపి, "సోమవారం మళ్లీ రామ్మా, వింటాం," అన్నాడు. ఈసారి నవ్వులు శశికిరణ్ వైపు తిరిగాయి. ప్రభావతికి ఆ రాత్రి కడుపు నిండింది.

సోమవారం ప్రాజెక్టు మంజూరైంది. శశికిరణ్ తల ఎత్తకుండా సంతకం పెట్టాడు. ఆమె ఎగురుకుంటూ ల్యాబ్‌కు వచ్చేసరికి బల్ల మీద తమ్ముడు పంపిన డబ్బా ఉంది. పై గిన్నెలో బొప్పాయి కూర. నడుమ గిన్నెలో బొప్పాయి పచ్చడి. అడుగున బొప్పాయి హల్వా.

ఫోన్ చేసింది. "తమ్మీ, ప్రాజెక్టు వచ్చిందిరా!"

"మంచిగైంది. నాకొచ్చిన పెండ్లి ఆర్డర్లన్నీ పోయినయ్. అబిడ్స్‌ల అందరు నన్ను జావ బాలకిషన్ అంటున్రు."

"నేనే చేసిన అని అందరి ముంగట చెప్పిన గదరా!"

"చెప్పినవ్. జావ తిన్నోళ్లకు గది యాదికుంటదా? బయటవడ్డ నీ పగ సార్ ఒక్కన్నే కరిగిస్తదనుకున్నవా అక్కా? పక్కన నేనుంటి."

ఫోన్ పెట్టేశాడు.

ప్రభావతి కూర కలుపుకుంది. మూడు గిన్నెలూ ఖాళీ అయ్యేదాకా తల ఎత్తలేదు.