పంకాల విమానం

1983లో నడుము పట్టేసి దుర్గాంబ మంచం దిగలేకపోయింది. బెజవాడ డాక్టరు హైదరాబాదులో ఆపరేషన్ చేయించమన్నాడు. ఆరేడు గంటల రోడ్డు కుదుపులకు ఈ నడుము ఆగదని, విమానంలో తీసుకెళ్లమని చెప్పాడు. ఆమె భర్త దశరథరామయ్య నందిగామలో మిరప రైతు. ఒకసారి మద్రాసు నుంచి బొంబాయికి జెట్ విమానంలో వెళ్లాడు. ఆ సంగతి తెలియనివాళ్లు తాలూకాలో లేరు.

దుర్గాంబను అంబాసిడర్ వెనక సీటులో పడుకోబెట్టి, నూర్ మహమ్మద్ మెల్లగా గన్నవరం విమానాశ్రయానికి చేర్చాడు. అతను పదిహేనేళ్లు వైమానిక దళంలో ఇంజన్లు బాగుచేసి, రిటైరై జగ్గయ్యపేటలో టాక్సీ నడుపుతున్నాడు.

ఎదురుగా ఆగి ఉన్న విమానానికి రెక్కకొక పంకా ఉంది. దశరథరామయ్య అది చూసి అక్కడే ఆగిపోయాడు. పంకాలది పాతకాలపు బండి అనీ, జెట్ వచ్చేదాకా ఆగుదామనీ అన్నాడు. ఇక్కడికి జెట్ రాదని కౌంటరులోని మనిషి చెప్పాడు. అయితే తాను ఎక్కేది లేదన్నాడు దశరథరామయ్య.

చక్రాల కుర్చీలో ఉన్న దుర్గాంబ భర్తను దగ్గరికి పిలిచింది.

"మీరు రోడ్డున రండి. నేను వెళ్తున్నా" అంది.

ఒంటరిగా పక్కనున్న కంచికచర్ల కూడా వెళ్లి ఎరగని మనిషి. సిబ్బంది ఇద్దరు ఆమెను కుర్చీతో సహా ఎత్తి విమానం ఎక్కించారు.

మగవాళ్లిద్దరూ కారులో, వచ్చిన దారినే హైదరాబాదుకు బయల్దేరారు. నందిగామ దాటాక నూర్ మహమ్మద్ నోరు విప్పాడు. ఆ పంకాను తిప్పేది కూడా లోపలున్న జెట్ ఇంజనేనట.

"హైదరాబాదు ఎంత దూరమండీ? పెద్ద జెట్టయితే పైకి ఎక్కడం పూర్తి కాకముందే దిగాల్సొస్తది. కలిసొచ్చేది పది నిమిషాలు, తాగే చమురు మాత్రం బోలెడు. పైగా దానికి పొడుగాటి రన్‌వే కావాలి."

"ఈ మాట గన్నవరంలో చెప్పొచ్చుగా?"

"మీరు అడగలేదండీ."

చిల్లకల్లు దగ్గర టైరు పంచరైంది. సూర్యాపేట దగ్గర లారీ అడ్డంగా పడి రెండు గంటలు ఆగారు. ఆసుపత్రికి చేరేసరికి దీపాలు పెట్టారు. బేగంపేటలో దిగిన దుర్గాంబను ఆమె తమ్ముడు మధ్యాహ్నమే తెచ్చి చేర్పించాడు. ఎక్సరే కూడా అయిపోయింది.

"రెక్క పైన ఉంటది కదా, కిందంతా కనపడింది. కృష్ణా నది చాలాసేపు ఎడంపక్కనే వచ్చింది" అంది.

భయం వెయ్యలేదా అని దశరథరామయ్య అడిగాడు.

"వేసింది. మీరు రోడ్డు మీద ఎట్లా వస్తారోనని."

ఆపరేషన్ అయిన నెలకు తిరుగు ప్రయాణానికి దశరథరామయ్యే రెండు విమానం టిక్కెట్లు తెచ్చాడు. పంకా పక్క సీటులో కూర్చుని, గన్నవరం దాకా కళ్లు తెరవలేదు. దుర్గాంబ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మెట్లు దిగింది. అతను కమ్మీ పట్టుకుని అందరికంటే చివర దిగాడు.