ముడిచిన బొటనవేలు

హెప్సిబా జబ్బు పేరును గేటు దగ్గర అరవై మంది ముందు పైకి చదివాడు సూపర్‌వైజర్ ప్రేమ్‌సాగర్. వరుసలో ఆమె వెనకే ఉన్నాను. నా చెవులతో విన్నాను.

కార్డు పెట్టి వేలు ఆనించగానే మిషన్ మీద ఎర్ర లైటు వెలిగింది. ఆమె బొటనవేలు తుడుచుకుని మళ్లీ పెట్టింది. మళ్లీ ఎరుపే. ప్రేమ్‌సాగర్ తెర మీదికి వంగాడు.

"టీబీ. ఆర్నెల్లు మందులు మింగినవ్. అన్‌ఫిట్. పక్కకు జరుగు, జల్దీ."

"గది ఎనిమిదేండ్ల కిందటి ముచ్చట సారూ. నయమైందని దవాఖానాల రాసిచ్చిండ్రు."

"నాకేంది జెప్తవ్? కార్డు జెప్తాంది."

మా బొగ్గు గనిలో మట్టి తీసే కాంట్రాక్టు పని మాది. టిప్పర్లు తిరిగే దారికి నీళ్లు కొడుతుంది హెప్సిబా. ఆ జబ్బు సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. దమ్మపేట పక్కన మా ఊరి చర్చిలో ఆదివారం సాక్ష్యాల వేళ అందరం లేచి జబ్బులు చెప్పుకుంటాం, సంఘమంతా ప్రార్థన చేస్తుంది. బెంజమిన్ తన మొలల సంగతి చెబితే ముందు నవ్వి, తర్వాత ప్రార్థించాం. ఆమె మాత్రం అక్కడ కూడా నోరు విప్పలేదు.

మరి కార్డుకెలా తెలిసింది?

నా వల్ల. ఆరోగ్య శిబిరం పెడతాం, స్మార్ట్ కార్డులిస్తాం, చోటు కావాలని కంపెనీ వాళ్లొచ్చారు. చర్చి పెద్దను, యూనియన్ కమిటీలో ఉన్నవాణ్ని, చర్చి ఆవరణ ఇచ్చింది నేనే. కానుకల బల్ల మోసుకొచ్చి వేసిందీ నేనే. దాని మీద మిషన్ పెట్టారు. ఆ బల్ల ముందు మా వాళ్లు అబద్ధమాడరు. సాక్ష్యం చెప్పినట్టే అన్నీ చెప్పి, వేలు పెట్టారు. హెప్సిబా కూడా మొదటిసారి, గొంతు తగ్గించి చెప్పింది. ఇదంతా ఎవరు చదువుతారని ఎవరూ అడగలేదు. ఏడో తరగతితో బడి మానేసిన నేనూ అడగలేదు.

వారంలో పదిహేడు మందికి ఎరుపు వెలిగింది. ఎవరినీ పనిలోంచి తీసేయలేదు. గేటు తెరుచుకోలేదు, అంతే.

లేబర్ ఆఫీసుకు పోయాం. "మీరే వేలుముద్ర వేశారు. సమ్మతి ఇచ్చినట్టే. పాలసీ అట్లా ఉంది" అన్నాడు ఆఫీసరు. గనిలో దుమ్ము కొలత ఎంతో చెప్పమన్నాను. అది కంపెనీ రహస్యమట. మా ఊపిరితిత్తులు మాత్రం రహస్యం కావు!

సాయంత్రం గేటు ఎదుట టీ కొట్టు దగ్గర మీటింగు పెట్టాం. అందరం పని ఆపుదామన్నాను.

"మా కార్డులు పచ్చగనే ఉన్నయి గద జయరాజన్నా, మేమెందుకు పని ఆపాలె?" అన్నాడు టిప్పర్ డ్రైవర్ సవరయ్య.

హెప్సిబా నా వైపు చూడకుండా అతని వైపే తిరిగింది. "ఆపకు తమ్మీ. రోజూ పది గంటలు గదే దుమ్ము తింటున్నవ్ గద. నీది ఎర్రగయిన రోజు ఎవల్ని పిలుస్తవో గిప్పుడే ఆలోచన చేస్కో."

ముసలి పిచ్చయ్య తువ్వాల్లోకి దగ్గుతూ లేచిపోయాడు.

సోమవారం పొద్దున వరుసలో ముందు నిలబడింది హెప్సిబా. కార్డు తీయలేదు.

"నా పేరు హెప్సిబా. నాకు టీబీ ఒచ్చింది, పోయింది. నా జబ్బు నేను జెప్త. నీ మిషన్ ఎవల్రా జెప్పనీకి?"

"డ్రామాలాడకు" అన్నాడు ప్రేమ్‌సాగర్.

వెనక నుంచి పిచ్చయ్య వచ్చాడు. ఆయన కార్డు పచ్చ. ఇంకా రెండేళ్ల పని ఉంది.

"నాకు దగ్గితే రక్తం పడ్తాంది. శిబిరంల దాచిన. నీ మిషన్‌కు దెల్వది. రాస్కో."

తర్వాత బెంజమిన్ మొలలన్నాడు. ఒకరు నడుమన్నారు, ఒకరు చెవుడన్నారు. తబితా, పచ్చ కార్డు పిల్ల, గర్భం పోయిందని చెప్పి ఏడవకుండా నిలబడింది. ఒక్కరూ కార్డు పెట్టలేదు. లోపల టిప్పర్లు ఆగిపోయాయి.

గంటలో పోలీసులొచ్చారు. హెప్సిబాను, పిచ్చయ్యను, నన్ను జీపెక్కించుకుపోయారు.

స్టేషన్‌లో కానిస్టేబుల్ అలాంటి మిషనే ముందుకు నెట్టాడు. "ఏలు పెట్టు."

"పేరడుగు, జెప్త. ఊరడుగు, జెప్త. ఏలు పెట్ట."

బొటనవేలు లోపలికి ముడిచి, దాని మీద పిడికిలి బిగించింది హెప్సిబా. పిచ్చయ్య కూడా బిగించాడు. ఆ రోజు బల్ల మోసుకొచ్చిన నా చేతిని చూసుకున్నాను. ముడిచాను.

బయట అరుపులు. కిటికీలోంచి చూస్తే, రెండో షిఫ్టు గేటుకు పోకుండా ఇక్కడికొచ్చింది. ముందున్నది సవరయ్య. కిటికీ ఊచల వెనక హెప్సిబా పిడికిలి చూసి, పచ్చ కార్డు స్టేషన్ మెట్ల మీద విసిరికొట్టి చెయ్యెత్తాడు. పిడికిలిలో బొటనవేలు కనబడలేదు. అతని వెనక లేచిన ఒక్క చేతిలోనూ కనబడలేదు.