రూప పేరు మీద నా ఇంగ్లీషు

మా ఆడబిడ్డ రూప పెళ్ళిచూపులకు మాడుగులపల్లి నుంచి శ్యాంసుందర్ అనే పిల్లగాడూ వాళ్ళింటివాళ్ళూ వచ్చి వెళ్ళేటప్పుడు, పిల్లకూ పిల్లగాడికీ ఒకరి నంబరు ఒకరికి ఇప్పించారు. ఇప్పుడంతా అదే పద్ధతి కదా. నాలుగు రోజులు మాట్లాడుకుంటారు, ఆ తర్వాతే ఖాయం చేస్తారు. పిల్లగాడికి సొంత వరికోత మిషన్ ఉంది, మనిషి నిదానం. రూపకు నచ్చాడు. నోటితో చెప్పలేదు గాని, ఇంట్లో జాకెట్లు కుట్టే ఆ పిల్ల ఆ రోజు ఎవరిదో జాకెట్టుకు చేతులు తిరగేసి కుట్టింది. ఇంకేం చెప్పాలి?

మర్నాడు అతని దగ్గర్నుంచి "హాయ్" అని మెసేజ్ వచ్చింది. రూప ఫోన్ పట్టుకుని వంటింట్లోకి ఉరికొచ్చింది.

"వదినా, ఏం రాయాలె? నాకు పరేషాన్ అయితంది. నువ్వే కొట్టు."

మాది కోదాడ. డిగ్రీ చేసి, పెళ్ళయి ఈ సూర్యాపేట వచ్చాక ప్రైవేటు బడిలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పినదాన్ని. మా పిల్ల ఎవరికీ తీసిపోదని వాళ్ళకు తెలియొద్దూ? ఇక మొదలుపెట్టాను. 'ఏం చేస్తున్నారు' అనడానికి డబ్ల్యూవైడీ. 'నిజం చెప్పాలంటే' అనడానికి టీబీహెచ్. 'ఇప్పుడే వస్తా' అనడానికి బీఆర్‌బీ. ఇన్‌స్టాగ్రామ్‌లో కాలేజీ పిల్లలు రాసుకునే పొట్టి మాటలన్నీ దించేశాను. రూప పక్కన కూర్చుని గుడ్లప్పగించి చూసేది.

పొద్దున పంపితే అటునుంచి సాయంత్రానికి జవాబు. అది కూడా ఏమని? "కే" అని! ఓకేలో ఓ కూడా బరువైపోయిందా ఆ మహానుభావుడికి? నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఎంత పొగరే వీడికి!" అన్నాను.

"కోతల టైం గదా వదినా, తీరికుండది పాపం" అంది రూప. ఇంకా ఖాయం కానే లేదు, అప్పుడే వెనకేసుకురావడం!

వారం తిరక్కుండా సంబంధం తెచ్చిన ఈదయ్య మామ వచ్చాడు. ఇచ్చిన చాయ్ ముట్టుకోలేదు.

"పిల్లగాడు వెనకాడుతున్నడమ్మా. అమ్మాయిది పెద్ద సదువు లెక్కున్నది, నేను పదితోనే ఆగినోణ్ణి, నాతోని ఏం సుఖపడతది అంటున్నడు. మీ పిల్ల రాసినయి తెలుసుకునేటందుకు రోజు మిర్యాలగూడల దోస్తు దుకాణానికి పోతున్నడంట. గాడ ఒక్కొక్కదానికి అర్థం చెప్పించుకొని, మళ్ళ ఏం రాయాల్నో తెల్వక గా ఒక్క అక్షరం కొడుతున్నడు. రేపు వద్దని కబురు పంపిస్తరట."

రూప కుట్టుమిషన్ చప్పుడు ఆగిపోయింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "ఇప్పుడే సారీ అని రాస్తానుండు" అంటూ ఆ పిల్ల ఫోన్ అందుకోబోయాను. రూప లాక్కుంది.

"ఇగ సాలు వదినా! నువ్వు రాసింది సాలు."

ఎన్నడూ నాకు ఎదురు చెప్పని పిల్ల! మామ ఎదురుగానే ఫోన్‌లో మైకు గుర్తు నొక్కిపట్టి మాట్లాడింది.

"నేను రూపను. ఇన్ని దినాలు రాసింది నేను గాదు, మా వదిన. నాకు గా ఇంగ్లీషు రాదు. ఇంటర్ తప్పిన, జాకెట్లు కుడత. మీరొచ్చిన నాడే నాకు నచ్చిండ్రు. వద్దంటే మీ ఇష్టం. గని నన్ను సూసి వద్దనుండ్రి, గా రాతలు సూసి కాదు."

ఓరి నాయనో! పెద్దమనిషి ముందే నచ్చాడనేసింది! ఈదయ్య మామ చల్లారిన చాయ్ గటగటా తాగేశాడు.

ఈసారి జవాబు సాయంత్రం దాకా ఆగలేదు. కే అన్న మనిషే, చాలా పొడుగు వాయిస్ మెసేజ్ పంపాడు. మొదట్లో కోత మిషన్ రొదలోంచి, "రూపా, జర ఆగు, బండి బంద్ చేస్తా" అనడం మాకూ వినిపించింది. గొంతు నిండా సంతోషం. మిగతాది విందామని నేను మెడ చాచాను. రూప ఫోన్‌ను చెవికి ఆనించుకుని, లోపలి గదిలోకి పోతూ పోతూ వెంటపడిన నన్ను ఒక చేత్తో నెట్టింది.

"వదినా, నువ్వు జర అవతలికి పో."

తలుపేసుకుంది, నా మొహం మీదే! ఇంకో రోజైతే ఇల్లు పీకి పందిరేసేదాన్ని. కానీ లోపల ఆ పిల్ల నవ్వుతోంది, నాకు కళ్ళు చెమర్చాయి.

"మరి రేపటి కబురు సంగతేందమ్మా?" అన్నాడు ఈదయ్య మామ.

"ఇంకేం కబురు మామా, లోపల వాళ్ళే ఖాయం చేసుకుంటున్నారు. మనం ముహూర్తం చూసుకోవడమే."